కడపంక్తి

మా అత్త సంతోషమ్మ వార్డు మెంబరుగా నిలబడిన ఆ చలికాలం ఎప్పుడు గుర్తొచ్చినా, అంతకంటే ముందు మా ఆయన స్టీఫెన్ ఎడమకాలి చెప్పు గుర్తొస్తుంది. అది ఇప్పటికీ మా ఊరి మడుల్లో ఎక్కడో బురద అడుగున ఉండే ఉంటుంది.

2018 ఆగస్టులో మామయ్య దేవసహాయం పోయారు. మూడు రోజులుగా ముసురు. చర్చిలో ప్రార్థన అయ్యాక పెట్టె ఎత్తుకుని సమాధుల దగ్గరికి బయలుదేరాం. రోడ్డు దిగితే అక్కడికి బాట లేదు. ఒకప్పుడు ఎడ్లబండి పోయేంత బాట ఉండేదట. అటువాళ్లు ఒక సాలు, ఇటువాళ్లు ఒక సాలు కలుపుకుంటూ వచ్చి చివరికి జానెడు ఒడ్డు మిగిల్చారు. పెట్టె మోసే నలుగురు ఒడ్డు మీద పట్టరు కాబట్టి నాటేసిన మడిలోకి దిగారు. మోకాలి దాకా బురద. మధ్యలో స్టీఫెన్ చెప్పును బురద పట్టేసింది. అతను తూలాడు, పెట్టె ఒక పక్కకు ఒరిగింది. లోపల మామయ్య కదిలిన చప్పుడు నాకు వినపడింది, మా అత్తకూ వినపడింది. అంతసేపూ ఏడుస్తున్న మనిషి అక్కడ ఏడుపు ఆపేసింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "మనిషిని గట్ల మోసుకపోతరా" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

జనవరిలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా వార్డు ఆడవాళ్లకు పడింది. చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు "నువ్వే నిలబడు సంతోషమ్మా" అన్నారో లేదో, అత్త ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని నామినేషనుకు పోయింది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి పన్నెండేళ్లు. అన్నేళ్లలో ఆమె ఎవరినీ ఒక జత గాజులు కూడా అడగలేదు. అలాంటి మనిషి ఇల్లిల్లూ తిరిగి అడగడం మొదలుపెట్టింది. అడిగేది కూడా ఒక్కటే.

"సమాధులకు తొవ్వ కావాలె. గంతే. నాకు ఇంకేం వద్దు."

పోటీ రోజారాణి. ఆమె మాకేం పగవాళ్ల మనిషి కాదు, వెనక గల్లీలో ఉంటుంది. భర్త దశరథం ఇంట్లోనే రెండు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. ఆ చప్పుడు ఆగిన రోజు మాకు నిద్ర పట్టదు. వాళ్ల గల్లీలో కరెంటు స్తంభం ఉంది గానీ లైటు లేదు, ఆమె దాని కోసం నిలబడింది. గుర్తుల పంపకంలో రోజారాణికి జగ్గు వచ్చింది, మా అత్తకు గౌను. "అరవై ఏండ్లు వచ్చినంక నాకు గౌను తొడిగిండ్రు" అని అత్త చర్చిలో అందరినీ నవ్వించింది.

అప్పట్లో నేను మా ఊరి ప్రాథమిక పాఠశాలలో విద్యా వాలంటీర్‌ని. చొప్పదండి నుంచి వచ్చే హెడ్మాస్టర్ లింగమూర్తి సారూ నేనూ కలిసి అయిదు తరగతులు నెట్టుకొచ్చేవాళ్లం. ఎన్నికల్లో మా బడే పోలింగు కేంద్రం. "పోరగాండ్లకు ఓటంటే ఏందో చెప్పుండ్రి మేడం. ఉత్తగ చెప్పుడు గాదు, చేయించుండ్రి" అని నా మీద పెట్టి సార్ ఎన్నికల ట్రైనింగుకు కరీంనగర్ పోయాడు.

నాకు ఇలాంటివంటే ప్రాణం. బిస్కెట్ల అట్టపెట్టెకు కన్నం పెట్టి బ్యాలెట్ పెట్టె చేశాను. బీరువా తలుపు తెరిచి దాని వెనక చాటు ఏర్పాటు చేశాను. స్కెచ్ పెన్ను రంగు సిరా అయింది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో మూడు మాటలు రాశాను: ఎవరికి వేయాలో ఎవరికీ చెప్పొద్దు. ఎవరికి వేశావని ఎవరినీ అడగొద్దు. ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సిన పని లేదు. ఆ మూడూ నేనే తప్పుతానని అప్పుడు నాకేం తెలుసు.

ఎన్నిక భోజన మంత్రి పదవికి. అందరి చేతులూ కడిగించాలి, వరుసలో నిలబెట్టాలి, గుడ్డు ఇచ్చే రోజు అందరికీ అందిందో లేదో చూడాలి. గుడ్డుతో పని ఉన్న పదవి కాబట్టి గిరాకీ బాగానే ఉంది, చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు మా అమ్మాయి మహిమ, అయిదో తరగతి. రెండోవాడు రోజారాణి కొడుకు చింటూ, వాడూ అయిదే. వీడికి బ్యాటు గుర్తు, దీనికి చెంచా గుర్తు. చింటూ ప్రచారం చూస్తే రేపో మాపో ఎమ్మెల్యే అయ్యేలా ఉన్నాడు. మహిమ మాత్రం లేచి, "నేను అందరికి పెడుత" అని కూర్చుంది.

ఇరవై ఆరుగురు ఓటేశారు. లెక్కపెడితే పదమూడు, పదమూడు.

"సమానంగ వస్తే చీటీ తీస్తరు. నిజం ఎలక్షన్ల సుత గంతే" అని చెప్పి నేను చీటీలు రాస్తుంటే చింటూ లేచాడు.

"టీచర్, మహిమ నాకే ఏసింది. నేను జూసిన. గామెకు చీటీ మంచిగ మలుచుడు రాలే."

క్లాసంతా దాని వైపు తిరిగింది. బోర్డు మీద నేను రాసిన రెండో మాట నన్నే చూస్తోంది. అయినా అడిగాను.

"నిజమేనా?"

మహిమ తల ఊపింది. "నాకు నేనే ఎట్ల ఏసుకుంట టీచర్? సిగ్గు గాదా?"

"మరి నువ్వెవలకు ఏసినవ్ రా చింటూ?"

"నేను నాకే ఏసుకున్న" అన్నాడు వాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

చీటీ తీస్తే చింటూ పేరే వచ్చింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మహిమ. తల్లిని కదా, నాకు ఒళ్లు మండింది. అడగందే అమ్మయినా అన్నం పెట్టదని, నీ మీద నీకే నమ్మకం లేకపోతే ఊరికెందుకు ఉంటుందని, అరగంట దంచాను. పిల్లలు బుద్ధిగా విన్నారు. మహిమ కూడా విన్నది, కానీ దాని ముఖంలో తప్పు చేశానన్న గుర్తేమీ లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి అత్తకు ఫిర్యాదు చేశాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మొత్తం విని, మహిమను దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

"మంచిగ జేసినవ్ బిడ్డా. గంటె పట్టినోళ్లు ముందుగాల తమ పల్లెంల ఏసుకుంటరా? నాలుగు మందిల నవ్వుతరు."

అప్పుడు నాకు తెలిసొచ్చింది, పిల్లకు ఆ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో. మా చర్చిలో ఏటా కోత పండుగకు ప్రేమవిందు పెడతారు. ముప్పై ఏళ్లుగా అన్నం గంటె మా అత్త చేతిలోనే ఉంటుంది. పిల్లలు, ముసలివాళ్లు, చుట్టాలు, పిలవకుండా వచ్చినవాళ్లు, అందరూ లేచాక, కడపంక్తి కూడా ఎత్తేశాక, ఆమె గిన్నె అడుగు గీరుకుని ఓ మూల నిలబడి తింటుంది. అది ఆమె పట్టుకున్న నియమం. ఆ నియమం ఓటుకూ ఉంటుందని మా మహిమ అనుకుంది. మా అత్త కూడా అలాగే అనుకుంటోంది. అంటే ఆమె ఓటు గౌనుకు పడదు, జగ్గుకే పడుతుంది.

మా వార్డులో ఉన్నవి నూట ఇరవై చిల్లర ఓట్లు. స్టీఫెన్ రోజూ వేళ్లు మడిచి లెక్కలేస్తూ, "ఇటు అరవై, అటు అరవై. ఒకటీ రెండు ఓట్ల మీదనే ఉన్నది" అనేవాడు. "వడ్డించెటోడు మనోడైతే కడపంక్తిల కూసున్నా ఫికర్ లేదంటరు. ఒక్కసారి మా అవ్వ చేతికి గంటె ఇచ్చి చూడుండ్రి" అని గల్లీ గల్లీ తిరిగేవాడు. "మన ఇంట్ల మూడు ఓట్లు పక్కా" అని కూడా అనేవాడు. ఆ మూడో ఓటు సంగతి నాకే తెలుసు. అతనికి చెబితే తల్లి మీద కేకలేస్తాడు, ఆమె ఇంకా బిగుసుకుంటుంది.

ఆగలేక ఒకరోజు పొయ్యి దగ్గర కదిపాను.

"అత్తమ్మా, నీ ఓటు ఎవలకు?"

"అడగొద్దని బడిల పోరగాండ్లకు చెప్పినవట గదా" అంది ఆమె, కట్టె ఎగదోస్తూ.

"అది పోరగాండ్లకు. తొవ్వ కావాలన్నది నువ్వే గదా. మామయ్యను ఎట్ల మోసినమో యాది లేదా?"

గంటె తిప్పడం ఆపేసింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అన్నాక అనిపించింది. "యాది లేకనా నిలబడ్డ?" అంది. "ఊరిని అడుగుత. ఇస్తే తీసుకుంట. నాకు నేను ఏసుకునుడు మాత్రం నాతోని గాదు."

మహిమ గడపలో కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"బాపమ్మా, నువ్వు కూర వండినప్పుడు ముందుగాల ఎవలు తింటరు?"

"మీ బాపు, నువ్వు."

"గంతకు ముందు?"

"ఎవలు తినరు."

"నువ్వు ఉప్పు చూస్తవ్ గదా."

అత్త నవ్వింది. "ఉప్పు చూసుడు తినుడా? అరచేతుల ఒక్క చుక్క ఏసుకుంట. చూడకుంటే తినెటోళ్లు పరేషాన్ గారా?"

"మరి గట్లనే ఒక్క ఓటు ఏసుకో. ఉప్పు చూసినట్టు."

అత్త కూర దించింది. అరగంట పాటు నేను బడిలో దంచిన ఉపన్యాసం ఎందుకూ కొరగాలేదని నాకు ఆ పూట బాగా అర్థమైంది.

పోలింగు జనవరి ఆఖరి వారంలో. పొద్దున ఏడింటికే బడి ముందు వరుస. చలికి అందరూ తలకు తువ్వాళ్లు చుట్టుకుని ఉన్నారు. అత్త ముందు రోజారాణి నిలబడింది. ఇద్దరూ ఓట్ల సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నారు: చింటూ దగ్గు, నూలు ధర, కోడిపిల్లల్ని ఎత్తుకుపోతున్న పిల్లి. రోజారాణి లోపలికి పోయి గబగబా ఓటేసి బయటికొచ్చింది. తర్వాత అత్త పోయింది. నేను అప్పటికే ఓటేసి గేటు దగ్గర మహిమతో నిలబడ్డాను.

ఆమె ఎంతకూ రాలేదు. లోపలినుంచి ఎవరో, "ఏందవ్వా, అండ్లనే పండుకున్నవా?" అనడం వినపడింది. ఎవరో నవ్వారు. సర్పంచుకు గులాబీ రంగు కాగితం, వార్డుకు తెల్లది. రెండు ముద్దరలు కొట్టడానికి అంతసేపెందుకు?

చివరికి వచ్చింది. ముఖం కందిపోయి ఉంది, చేతిలో లేని చీపురును పట్టుకున్నట్టు పిడికిలి బిగించి ఉంది. నా వైపు చూడలేదు. వంగి మహిమ చెవి దగ్గర అంది.

"ఉప్పు చూసిన బిడ్డా."

మధ్యాహ్నం రెండింటికి లెక్క మొదలుపెట్టారు. లెక్కపెట్టింది నా తరగతి గదిలోనే. బోర్డు మీద నా మూడు మాటలూ ఎవరూ తుడవలేదు, వాటి కిందే బల్ల వేసుకుని కాగితాలు విప్పారు. జగ్గు యాభై ఏడు. గౌను యాభై ఎనిమిది. మూడు చెల్లలేదు.

ఒక్క ఓటు. ఇంక చూడాలి, ఆ ఒక్క ఓటు తనదేనని అనని మనిషి లేడు. కుర్చీలో మోసుకొచ్చి ఓటేయించిన కమలవ్వ, "నేను రాకుంటే ఏమౌనో చూడుండ్రి" అంది. పెద్దపల్లి నుంచి సెలవు పెట్టి వచ్చిన సాల్మన్ బస్సు టికెట్టు తీసి అందరికీ చూపించాడు. ఉపవాసముండి ప్రార్థన చేసినవాళ్లు తమ ఉపవాసం వల్లే అన్నారు. స్టీఫెన్ సంతోషంతో ఎవరిని పడితే వాళ్లను ఎత్తుకుంటున్నాడు. మెడలో బంతిపూల దండతో మా అత్త మాత్రం దొంగతనం చేసి దొరికిన మనిషిలా నిలబడింది.

ఎండ వాలకముందే దండ తీసి గూట్లో పెట్టి, "నడువు పోదాం" అంది నాతో. ఎక్కడికని అడగలేదు. వెనక గల్లీలోకి తిరిగాం. సాంచా నడుస్తోంది. రోజారాణి గడపలో కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"రా పెద్దమ్మా" అని లేవబోయింది.

"కూసో. ఒక్క మాట చెప్పిపోదామని వచ్చిన." అత్త నిలబడే అంది. "అందరు నా ఓటంటే నా ఓటంటున్నరు. ఆ ఓటు నాదే. నాకు నేనే ఏసుకున్న. నీకు ఏద్దామని పోయిన రోజా, ముద్దర నీ జగ్గు మీదికి సుత తీసుకపోయిన. ఆయన పెట్టె యాదికొచ్చింది. చెయ్యి గౌను మీదికి పోయింది. లేకుంటే నువ్వే గెలుద్దువు."

లోపల దశరథం సాంచా ఆపాడు. రోజారాణి మా అత్త ముఖంలోకి చూసింది, నా ముఖంలోకి చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడ్చి ఉన్న కళ్లతోనే నవ్వడం మొదలుపెట్టింది.

"నేను సుత నాకే ఏసుకున్న గదా పెద్దమ్మా. నీకు ఏసిననుకున్నవా ఏంది?"

అత్త తెల్లబోయింది. "నువ్వు సుత ఏసుకున్నవా?"

"ఏసుకోకుంటే? గీ చీకట్ల నీళ్లకు పోయి మా అత్త కాలిరిగింది. లైటు కావాలని నిలబడ్డ, నాకు నేను ఏసుకోనా?" కళ్లు తుడుచుకుంది. "గెలిచినవ్. ఇగ మా లైటు మర్వకు."

"ముందుగాల గదే అడుగుత" అంది మా అత్త.

అన్నట్టే మొదటి మీటింగులో లైటే అడిగింది. తొవ్వ సంగతి రెండో మీటింగులో గానీ ఎత్తలేదు. స్టీఫెన్ నెత్తి కొట్టుకున్నాడు. ఎంత మారినా మా అత్త మా అత్తే.

కానీ ఆ సాయంత్రం సంగతి చెప్పాలి. స్టీఫెన్ కోడి తెచ్చాడు. అత్తే వండింది. నేను ఎప్పటిలాగే పళ్లాలు పరిచాను: స్టీఫెన్‌కు, మహిమకు, నాకు. అత్త గంటె పట్టుకుని నిలబడి, ఆ మూడు పళ్లాలనూ కాసేపు చూసింది. లోపలికి పోయి ఇంకో పళ్లెం తెచ్చుకుంది. మహిమ పక్కన కూర్చుంది. కూర గిన్నె, అన్నం గిన్నె మధ్యలోకి జరిపింది.

"నడుమల పెట్టుకుందాం. ఎవలది వాళ్లు ఏసుకోండ్రి."

ఆమె అందరికంటే ముందు గిన్నెలో చెయ్యి పెట్టలేదు, అందరికంటే చివర్నా పెట్టలేదు. మధ్యలో ఎప్పుడో ఒక మంచి ముక్క చూసి వేసుకుంది. నెమ్మదిగా తిన్నది. తింటున్నప్పుడు ఆమె ఎడమవైపు నములుతుందని, ఎముక వదలకుండా చీకుతుందని నేను మొదటిసారి చూశాను. పన్నెండేళ్లలో ఆమె అన్నం తింటుంటే నేను ఎన్నడూ ఎదురుగా కూర్చోలేదు. ఏం మిగిలేదో, ఏం తినేదో తెలియదు. ఊరి పిల్లలకు సమానత్వం పాఠం చెప్పే టీచర్ని. దీపం కిందే చీకటంటే ఇదే. సిగ్గుతో తల వంచుకుని తిన్నాను.

తొవ్వ తర్వాతి ఎండాకాలం పడింది. సర్వేయర్ వచ్చి గొలుసు పట్టాడు, ఉపాధి పనికి వచ్చినవాళ్లు మట్టి పోశారు, పైన మొరం పడింది. ట్రాక్టరు పోయేంత వెడల్పు. అత్త రోజూ పొద్దున ఆ చివరి దాకా నడిచి, మామయ్యను పలకరించి వచ్చేది.

పోయిన వానాకాలం ఆమె కూడా పోయింది. రెండు రోజులే మంచాన పడింది. మళ్లీ ముసురు, మళ్లీ రెండు పక్కలా నీళ్లు నిలిచిన మడులు. పెట్టె మోస్తూ రోడ్డు దిగేచోట స్టీఫెన్ ఆగాడు. ఏం తోచిందో, ఎడమకాలి చెప్పు విడిచాడు.

మా వెనకే గొడుగు పట్టుకుని వస్తున్న రోజారాణి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఏసుకో తమ్మీ. మీ అవ్వ తొవ్వ ఏసిపోయింది గదా."

స్టీఫెన్ చెప్పు వేసుకున్నాడు. అప్పటిదాకా బిగపట్టుకుని ఉన్నవాడు అక్కడ ఏడ్చాడు. పెట్టె ఎక్కడా ఒరగలేదు. మేమంతా చివరి దాకా నలుగురేసి పక్కపక్కనే నడిచిపోయాం.

తిరిగొచ్చేసరికి రోజారాణి ఇంటినుంచి అన్నం, పప్పు వచ్చి ఉన్నాయి. నేను అలవాటుగా గంటె అందుకున్నాను. మహిమ ఇప్పుడు నాకంటే పొడుగు. నా చేతిలోంచి గంటె తీసుకుని గిన్నెలో పెట్టింది, గిన్నెను అందరి మధ్యకూ జరిపింది.

ఎవరిది వాళ్లం వేసుకున్నాం.